కామిలారోగమును గ్రామసహకారమును

ఆయుర్వేదమున కామల యనబడు రోగమే జనుల నోట కామిలయు, కామెర్లును అయినది. చరకసంహిత చికిత్సాస్థానమున పాండురోగమును వివరించుచోట దీనిని గూడ వర్ణించియున్నారు. కన్నులు, చర్మము, గోళ్లు, ముఖము పసుపువన్నె దాల్చుట, అన్నము సహింపకపోవుట, ఒడలు నీరసించుట మున్నగు లక్షణములను ఆనాటి వైద్యులు చక్కగా గుర్తించిరి. పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చనే యను సామెత మన పల్లెలలో చిన్నపిల్లలకు గూడ తెలియును.

అయినను ఈ సామెత కామెర్లన్నింటికిని చెల్లదు. వానిలో నొకదాని బారిన పడినవానికి లోకము పచ్చగా కనబడదు; లోకమునకు వాడును పచ్చగా కనబడడు. ముప్పది నలువది యేండ్లు పొలము దున్నుకొనును, పెండ్లియాడును, బిడ్డలను గనును. తన రక్తమునం దొక శత్రువు కాపురమున్న సంగతి వానికి గాని, వాని యింటివారికి గాని తెలియదు. ఒకనాడు పొట్ట నీరుపట్టి ఉబ్బును, లేదా కాలేయమున క్యాన్సరు బయల్పడును. అప్పటికి వైద్యుని చేతిలో మిగిలియుండునది స్వల్పము. ఈ రోగమునకు నేటి వైద్యులు పెట్టిన పేరు హెపటైటిస్ బి. కంటి కగపడని యీ రోగమును పల్లెజనులు కూడి యెట్లు నిలువరించిరో తెలుపు చరిత్ర యొకటి భూగోళముయొక్క ఉత్తరపుటంచున, అలాస్కా మంచుసీమలో నడిచినది. దానిని, దాని పూర్వోత్తరములతో తెలిసికొనుట మన గ్రామములకును మేలు.

రోగస్వరూపము

కాలేయమును బాధించి కామెర్లు పుట్టించు వైరసులు ముఖ్యముగా ఐదు. వానిని ఎ, బి, సి, డి, ఇ అని వ్యవహరించుచున్నారు. ఎ, ఇ అనునవి కలుషితమైన నీటివలనను, ఆహారమువలనను వ్యాపించును. గర్భిణుల కివి, అందును ఇ, ప్రమాదకరమే యైనను, తక్కినవారిని సాధారణముగా కొన్నివారములు బాధించి తొలగిపోవును. ఊరిలో పసరుమందు త్రాగి కామెర్లు కుదిరినవని చెప్పుకొను సందర్భములలో పెక్కు ఇట్టివే. అవి మందు లేకున్నను తమంతట తగ్గునవి.

బి మార్గము వేరు. అది రక్తమువలనను, దేహద్రవములవలనను సంక్రమించును. ప్రసవసమయమున తల్లినుండి శిశువునకు, పుండ్లద్వారమున ఒక బిడ్డనుండి మరియొక బిడ్డకు, స్త్రీపురుషసంయోగమువలన, శుద్ధిచేయని సూదులవలన, పరీక్షింపని రక్తము నెక్కించుటవలన, ఒకరి మంగలికత్తి వేరొకరికి వాడుటవలన ఇది ప్రాకును. దేహమునకు వెలుపల కనీసము ఏడుదినములు ఇది జీవశక్తి నిలుపుకొనగలదు. కలిసి భుజించుటవలన గాని, ఒకే చెంబునీరు త్రాగుటవలన గాని, చేయి కలుపుటవలన గాని ఇది రాదు.

ఈ రోగమున వయస్సును బట్టి ఫలితము మారును. పెద్దవయస్సున సోకినవారిలో నూటికి ఐదుగురికంటె తక్కువమందికే అది స్థిరపడును. తక్కినవారు దానిని జయింతురు. పుట్టుకతోడనే సోకిన శిశువులలోనన్ననో, నూటికి 90 మందికి జీవితాంతము నిలిచిపోవును. తల్లి యెరుగని బాకీ బిడ్డపేర నెక్కి, ఆ బిడ్డకు నలువదేండ్లు వచ్చునప్పటికి వడ్డీతో వసూలగుటవంటిది ఇది. కావుననే దీనితోడి పోరాటమున మొదటి స్థలము పురిటిగది.

వైరసు బయల్పడిన విధము

రక్తముద్వారా కామెర్లు ప్రాకునను అనుమానము 19వ శతాబ్దముననే కలిగినది. జర్మనీయందలి బ్రెమెన్ పట్టణమున 1883లో ఓడల కార్ఖానా పనివారికి, మనుష్యుల పొక్కులనుండి తీసిన రసముతో మశూచి టీకాలు వేసిరి. టీకా పొందిన 1,289 మందిలో 191 మందికి తరువాతి నెలలలో కామెర్లు వచ్చెను. వేరొక రసముతో టీకా పొందినవారికి రాలేదు. లూర్మన్ అను వైద్యుడు ఈ వృత్తాంతమును 1885లో ప్రకటించెను. మరల 1942లో అమెరికా సైనికులకు ఎల్లో ఫీవరు టీకా వేసినప్పుడు, ఆ టీకాలో కలిపిన మానవరక్తపు రసికవలన దాదాపు 50 వేలమంది కామెర్లతో ఆసుపత్రుల పాలైరి. నీటివలన వచ్చు కామెర్లకు ఎ యనియు, రక్తమువలన వచ్చువానికి బి యనియు 1947లో మెకాలమ్ అను ఆంగ్లవైద్యుడు పేరిడెను. పేరు కలిగినది గాని రోగకారణము చిక్కలేదు.

అది చిక్కినది కామెర్లను వెదకుచు పోయినవారికి గాదు. 1925 జులై 28వ తేదీన న్యూయార్కులో జన్మించిన బరూక్ బ్లంబర్గ్ అను శాస్త్రజ్ఞుడు, కొన్ని జాతులవారు కొన్ని రోగములకు సులభముగా లోనగుటకు కారణమేమని విచారించుచు నానాదేశీయుల రక్తపు మచ్చులను సేకరించెను. పలుమారులు రక్తము నెక్కించుకొన్న యొక రోగి రసికతో, ఆస్ట్రేలియా ఆదిమవాసి యొకని రక్తము ప్రతిచర్య చూపెను. అందు కనబడిన క్రొత్తపదార్థమునకు ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరుపెట్టి 1965లో ప్రకటించిరి. అది కామెర్లు పుట్టించు బి వైరసుయొక్క పైపొర యని తరువాతి పరిశోధనలలో తేలెను. రక్తదానమునకు ముందు రక్తమును పరీక్షించుటకు దీనివలన వీలు కలిగెను. ఆ పైపొరనే వేరుచేసి టీకాగా వాడవచ్చునని బ్లంబర్గ్, ఇర్వింగ్ మిల్‌మన్ అనువారు 1969లో ప్రతిపాదించిరి. బ్లంబర్గునకు 1976లో నోబెల్ బహుమతి లభించెను. అమెరికాలో మొదటి టీకాకు 1981లో అనుమతి వచ్చెను. బ్లంబర్గ్ పుట్టినదినమైన జులై 28వ తేదీని నేడు ప్రపంచ హెపటైటిస్ దినముగా పాటించుచున్నారు.

ఈ మహనీయుడు మన నేల ఉసిరికను గూడ ఆదరముతో పరీక్షించెను. ఆ మొక్కరసము వైరసుపై పనిచేయునేమో యని ఆయనయు, సహచరులును 1987లో ప్రయోగశాల ఫలితములను ప్రకటించిరి. మరుసటి సంవత్సరము మదరాసు వైద్యులతో కలిసి రోగులపై జరిపిన పరీక్ష ఫలితములును ఆశ కల్పించినవి. అయితే తరువాత ఇతరులు జరిపిన పరీక్షలలో ఆ గుణము స్థిరపడలేదు. పూర్వుల మందును తీసివేయక, నెత్తిన బెట్టుకొనక, పరీక్షించి చూచుటయే పండితధర్మమని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

అలాస్కా పల్లెల కష్టము

అలాస్కా అమెరికా సంయుక్తరాష్ట్రములలో వైశాల్యమున మొదటిది. దాని విస్తీర్ణము 17 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. పడమటిభాగమున యూకాన్, కుస్కోక్విమ్ అను మహానదుల ముఖద్వారసీమలో యూపిక్ అను ఆదిమజాతివారు నివసింతురు. వారి పల్లెలకు బాటలు లేవు. వేసవిలో పడవ, శీతకాలమున మంచుబండి, తక్కినప్పుడు చిన్నవిమానము, ఇవే వాహనములు. గాలి చెడినచో కొన్నిదినములు ఏదియు రాదు, పోదు.

1970 దశకమున ఆ సీమలో పనిచేసిన వైద్యులకు విపరీతమైన సంగతి యొకటి కనబడెను. ఇతరచోట్ల వృద్ధులకో, నడివయస్సువారికో వచ్చు కాలేయపు క్యాన్సరు అక్కడ పాఠశాలకు పోవు బాలబాలికలకు గూడ వచ్చుచుండెను. రక్తపరీక్షలు జరుపగా బి వైరసు ఆ పల్లెలలో విస్తారముగా నుండుట తేలెను. అక్కడ రోగము తల్లులనుండియే గాక, దీర్ఘమైన శీతకాలమున ఇరుకుటిండ్లలో కలిసియుండు పిల్లల పుండ్లద్వారా ఒకరినుండి యొకరికి ప్రాకుచుండెను. బెతెల్ పట్టణపు ఆసుపత్రిలో పనిచేసి, తరువాత ఆంకరేజి నగరమునుండి ఈ కార్యమును నడిపిన బ్రయన్ మెక్‌మహన్ అను వైద్యుడు తన జీవితమునే దీనికి ధారపోసెను.

టీకా లభించిన 1981వ సంవత్సరముననే 15 పల్లెలలో 1,578 మంది టీకా పొందిరి. ఇది మూడువిడతలుగా, ఆరునెలల వ్యవధిలో వేయవలసినది. ఒకసారి వేసి వెడలిపోవుటకు వీలులేదు; మరల మరల అదే మనుష్యునివద్దకు రావలెను. విమానములో వచ్చిపోవు వైద్యులకు మాత్రమే ఇది సాధ్యమగు పనికాదు. అలాస్కా పల్లెలలో ఆరోగ్యసహాయకులు అనువారు కలరు. క్షయరోగమునకు పల్లెలోనే మందులిచ్చు అవసరమునుండి పుట్టిన ఈ ఏర్పాటు 1968లో ప్రభుత్వధనముతో స్థిరపడినది. ఈ సహాయకులు పట్టణమునుండి వచ్చినవారు గారు. ఆ యూరివారే, ఆ భాష మాట్లాడువారే, గ్రామమండలి ఎంచుకొన్నవారే. ఏ యింట ఎవరు గర్భవతియో, ఏ బిడ్డ ఏ నెలలో పుట్టెనో, ఎవరు వేటకు పోయి ఎప్పుడు తిరిగివత్తురో వారికి తెలియును.

పట్టీ

1983 మొదలు 1987 వరకు అలాస్కా ఆదిమవాసులలో 50 వేలమందికి పైగా రక్తపరీక్షలు జరిపిరి. రోగము సోకక, రక్షణయు లేక యున్న దాదాపు 40 వేలమందికి టీకాలు వేసిరి. 1984 నుండి పుట్టిన ప్రతిశిశువునకును పుట్టినవెంటనే టీకా వేయు నియమము ఏర్పడెను. అప్పటికే రోగము స్థిరపడియున్నవారికి టీకావలన ప్రయోజనము లేదు. అట్టివారిని విడిచిపెట్టలేదు. సుమారు 1,500 మంది పేర్లతో ఒక పట్టీ తయారుచేసి, ఆరునెలల కొకసారి ఒక్కొక్కరి రక్తమును ఆల్ఫా ఫీటోప్రోటీన్ అను పదార్థమునకై పరీక్షించు ఏర్పాటు చేసిరి. కాలేయమున క్యాన్సరు మొలకెత్తినచో ఈ పదార్థము రక్తమున పెరుగుట తరచుగా జరుగును. గడ్డ చిన్నదిగా నుండగా కనిపట్టినయెడల శస్త్రచికిత్సతో ప్రాణము నిలుపవచ్చును.

ఊరిలెక్క వ్రాయువారందరు నెరిగిన న్యాయ మొకటి కలదు: పేరులేని బాకీ వసూలు కాదు. నూటికి ఇంతమంది రోగులని చెప్పు లెక్క పరిశోధకునకు చాలును, ఊరికి చాలదు. ఆ నూటిలో వారెవరు, ఏ యింటివారు, కడచిన విడత పరీక్షకు వచ్చిరా, రాకున్న నేల రాలేదు, అని యడుగు పట్టీ యున్నప్పుడే రోగము అదుపులోనికి వచ్చును. ప్రయోగశాల టీకాను కనిపెట్టినది. పల్లెలో రోగము తగ్గుటకు ఆ పట్టీయు, దానిని పట్టుకొని ఇల్లిల్లు తిరిగిన కాళ్లును కావలసివచ్చెను.

ఫలితము లెక్కలలో కనబడుచున్నది. 1981, 82 సంవత్సరములలో 20 ఏండ్లలోపువారికి లక్షకు 19 చొప్పున క్రొత్తగా రోగలక్షణములు కనబడుచుండెను. 1993, 94 నాటికి ఒక్కటియు లేకపోయెను. అదేవయస్సువారిలో కాలేయపు క్యాన్సరు 1984 మొదలు 1988 వరకు లక్షకు 3 చొప్పున నుండెను. 1995 మొదలు 1999 వరకు శూన్యమాయెను. రోగము స్థిరపడిన 20 ఏండ్లలోపు ఆదిమవాసులు 1987లో 657 మంది, 2008లో ఇద్దరు. మొదటి 15 పల్లెలలో టీకా పొందినవారిని ముప్పదేండ్ల తరువాత మరల పరీక్షింపగా నూటికి 90 మందికి పైగా రక్షణ నిలిచియుండెను. 657 అను అంకె రెండుగా మారుటకు 21 సంవత్సరములు పట్టినది. ఆ యేండ్లలో ఒకరు గొప్ప కార్యము చేసిరనుటకంటె, అనేకులు చిన్నకార్యమును మానక చేసిరనుట యుక్తము.

వెల తగ్గిన కథ

అలాస్కాతోపాటు ఆ పనికి పూనుకొన్న మరియొక దేశము తైవాన్. 1984 జులైలో రోగవతులైన తల్లుల శిశువులకు, 1986 నుండి శిశువులందరికిని అక్కడ టీకా వేసిరి. 6 మొదలు 14 ఏండ్లవరకు గల పిల్లలలో కాలేయపు క్యాన్సరు 1981-86 నడుమ లక్షకు 0.70 ఉండగా, 1990-94 నడుమ 0.36కు తగ్గెను. ఒక టీకా క్యాన్సరును నివారింపగలదని లోకము దీనితో గ్రహించినది.

ఐనను పేదదేశములకు ఆ టీకా అందని ద్రాక్షయే యైనది. మొదటి టీకాను రోగుల రక్తపు రసికనుండి తీసిరి. 1986 నుండి, వైరసు పైపొరకు సంబంధించిన జన్యువును ఈస్టు అను సూక్ష్మజీవిలో నిలిపి, దానిచేతనే ఆ పదార్థమును తయారుచేయించు పద్ధతి వచ్చెను. విదేశములనుండి వచ్చు ఆ టీకా మనదేశమున విడతకు కొన్నివందల రూపాయల వెల పలుకుచుండెను. మూడువిడతలు, ఇంటిలో నలుగురు బిడ్డలు అన్నచో కూలివాని సంవత్సరపు కష్టము దానికే చాలదు.

ఈ చిక్కు వీడుటలో తెలుగువారికి పాత్ర కలదు. నెల్లూరు జిల్లాకు చెందిన ఇంజనీరు కె. ఐ. వరప్రసాదరెడ్డి తల్లి పేర శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థను 1993లో హైదరాబాదున నెలకొల్పెను. ఈస్టు పద్ధతిని స్వయముగా సాధించి, 1997 ఆగస్టులో షాన్‌వాక్ బి అను టీకాను బజారునకు తెచ్చెను. జన్యుపద్ధతిని మనదేశముననే తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అది. వెంటనే హైదరాబాదునందే మరియొక సంస్థయు టీకా తయారుచేయ మొదలిడెను. పోటీ పెరిగి వెల దిగివచ్చెను. 2002లో ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తింపు లభించుటతో హైదరాబాదు టీకా ఇతరదేశముల శిశువులకును అందుటకు మార్గము తెరువబడెను.

మనదేశమున

భారతప్రభుత్వము 2002-03లో కొన్ని నగరములందును, 33 జిల్లాలందును శిశువులకు ఈ టీకాను ప్రయోగాత్మకముగా ప్రారంభించెను. 2007-08లో ఆంధ్రప్రదేశ్‌తో సహా 10 రాష్ట్రములకును, 2011-12లో దేశమంతటికిని విస్తరింపజేసెను. పుట్టిన 24 గంటలలోపల మొదటి విడత, పిదప 6, 10, 14 వారముల వయస్సున తక్కిన విడతలు, ఇది నియమము. 2018 జులై 28వ తేదీన ప్రారంభమైన జాతీయ కార్యక్రమముద్వారా పరీక్షయు, చికిత్సయు ఉచితముగా లభించు ఏర్పాటు జరిగెను. టెనోఫోవిర్, ఎంటెకావిర్ అను మాత్రలు వైరసును సాధారణముగా సమూలముగా తీసివేయజాలవు గాని, అణచియుంచి కాలేయమును కాపాడును. వానిని వైద్యుని మాట ననుసరించి వాడవలెను. ఒంటికి బాగున్నదని నడుమ మానరాదు.

అలాస్కావంటి సీమలు మనదేశముననూ కలవు. నికోబారు దీవుల ఆదిమవాసులలో నూటికి 23 మందికి ఈ వైరసున్నట్లు పరిశోధకులు కనుగొనిరి. 2000లో అక్కడి రెండుపల్లెలలో టీకాలు వేసి, పదేండ్ల పిదప మరల పోయి వారిని పరీక్షించి చూచిరి. పోయినవారు మరల పోవుట యన్నదే ఇచ్చటను ముఖ్యము.

అజాగ్రత్తవలన కలుగు కీడునకు నిదర్శనము గుజరాతులోని మొడాసా. 2009లో, అప్పటి సాబర్‌కాంఠా జిల్లాలోని ఆ పట్టణ ప్రాంతమున, ఒకసారి వాడిన సిరంజిలనే మరల మరల వాడుటవలన హెపటైటిస్ బి చెలరేగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ప్రతిజ్వరమునకు సూదిమందు కావలెనని పట్టుబట్టు అలవాటు మన పల్లెలలోను కలదు. సూది తప్పనిసరియైనచో, క్రొత్తసూదిని తన యెదుట విప్పుమని అడుగుటకు రోగికి హక్కు కలదు. అది అమర్యాద కాదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2022లో లోకమున 25 కోట్ల 40 లక్షలమంది ఈ వైరసుతో జీవించుచుండిరి. వారిలో మనదేశమువారు 2 కోట్ల 98 లక్షలు. లోకమంతటిలో తమకు రోగమున్నదని తెలిసికొన్నవారు నూటికి 13 మంది, చికిత్స పొందుచున్నవారు నూటికి ముగ్గురు మాత్రమే. టీకా లేక యిట్లు జరుగుట కాదు, మందు లేక కాదు. పరీక్ష జరుగలేదు, జరిగినచో మరల పలుకరించినవారు లేరు.

పరీక్ష జరుగకపోవుటకు భయము గూడ నొక కారణము. రోగమున్నదని తెలిసినచో సంబంధము తప్పిపోవునేమో, కంచము వేరుచేయుదురేమో యను భయము నిరాధారము కాదు. ఇచ్చట పట్టీకి రెండుముఖములు కలవు. వైద్యునిచేత, నమ్మకమైన ఆరోగ్యకార్యకర్తచేత గుప్తముగా నున్న పట్టీ రక్ష. రచ్చబండ మీద చదువబడిన పట్టీ శిక్ష. రోగము సోకినవానితో కలిసి భుజించుటకు, కలిసి పనిచేయుటకు, వాని బిడ్డను ఎత్తుకొనుటకు అభ్యంతరమేమియు లేదు. భార్యకో భర్తకో పరీక్ష చేయించి, రక్షణ లేనిచో టీకా వేయించినయెడల దాంపత్యమునకును భంగము లేదు. ఈ సంగతి ఊరి కెరుకపడనంతకాలము రోగి దాగుచునే యుండును, రోగమును వానితోపాటు దాగుచునే యుండును.

కావున గ్రామము చేయదగినది పెద్దకార్యము కాదు. ప్రతిగర్భిణికిని ఈ పరీక్ష జరుగునట్లు చూడవలెను. ఇంటనే ప్రసవమైనను 24 గంటలలోపల శిశువునకు టీకా పడునట్లు ఆశా కార్యకర్తకును, నర్సునకును వెంటనే కబురంపవలెను. రోగము బయల్పడినవారిని ఆరునెలల కొకమారు పరీక్షకు పంపవలెను. రక్తశుద్ధి చేయించుకొనువారు, తరచుగా రక్తము నెక్కించుకొను తలసీమియా పిల్లలు, ఆసుపత్రిలో చెత్త నెత్తువారు, మంగలిపని చేయువారు టీకా పొందిరా యని విచారింపవలెను. పఠనాలయమునకు వచ్చి పత్రిక చదువువాడు, చదువురాని పొరుగింటివానికి ఈ నాలుగుమాటలు చెప్పినచో ఆ చదువు సార్థకము. బాటలు లేని మంచుసీమ పల్లెలే ఈ పనిని ముగింపగలిగినవి. ఊరూరికి బాటయు, బస్సును, ఆరోగ్య ఉపకేంద్రమును గల మనకు లోపించునది పూనిక యొక్కటియే.